మన్నాకు మేస్త్రి

"ఇకమీదట ఆకాశం నుంచి పడే ఆహారం ఒక పద్ధతి ప్రకారం ప్రజలకు అందజేయబడుతుంది!"

ఐగుప్తు దేశంలో బానిసత్వం వదిలించుకుని సీను ఎడారిలో దిగిన హెబ్రీయుల గుడారాల మధ్య, పొట్టేలు కొమ్ము ఊదించి మరీ పల్తీయేలు మేస్త్రి ఈ చాటింపు వేయించాడు. ఆ ఉదయం ఆహారం అప్పటికే పడి ఉంది. ముందు రోజు పడినట్టే పడింది. మంచు విడిచేసరికి ఎవరి గుడారం ముందు వారికి నేలంతా తెల్లగా, ధనియాల గింజలంత సన్నగా పరుచుకుని ఉంది. జనం దాన్ని మన్నా అంటున్నారు. గిన్నె పట్టుకుని బయటికి వచ్చి వంగితే చాలు, తలకో గిన్నె. ఎక్కువ ఏరుకున్నవాడికి మిగిలేది కాదు, తక్కువ ఏరుకున్నవాడికి చాలకపోయేదీ కాదు. ఇంత అస్తవ్యస్తమైన ఏర్పాటు తను ఐగుప్తు మొత్తం మీద చూడలేదని పల్తీయేలు బాధపడ్డాడు.

గిన్నె నింపుకుని గుడారంలోకి పోబోతున్న ముసలి హమూలు ఈ చాటింపు విని ఆగాడు. తనేదో తప్పు చేశాననుకుని, గిన్నెలోంచి ఓ గుప్పెడు తీసి మళ్ళీ నేల మీద చల్లాడు.

హమూలు ఊహ తెలిసినప్పటి నుంచి ఇటుకలు పోసినవాడు. భార్య హోగ్లా అతని పక్కనే మట్టి తొక్కేది. ఒక మధ్యాహ్నం తొక్కుతూ తొక్కుతూ ఆ మట్టిలోనే కూలబడింది. అది చూసి హమూలు మొదట సంతోషించాడు, చివరికి కాసేపు కూర్చుంది కదా అని. దగ్గరికి వెళ్ళాక గాని సంగతి తెలియలేదు.

అందుకే, విడుదలై వచ్చాక, తమను నడిపించుకొచ్చిన మోషే ద్వారా వచ్చిన ఆజ్ఞల్లో మిగతావి ఎలా ఉన్నా, ఒక్కటి మాత్రం హమూలు మనసులో దిగబడిపోయింది. ఆరు రోజులు మన్నా ఏరుకోవాలి. ఆరో రోజు రెండింతలు పడుతుంది. ఏడో రోజు ఏమీ పడదు, ఎవరూ ఏ పనీ చేయకూడదు. ఈ మాటను కూతురు మిల్కా చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. మిల్కా పచ్చి బాలింత. ఎర్ర సముద్రం దాటాక ఆ కుటుంబంలో పుట్టిన మొదటి పిల్ల ఆమె ఒళ్ళో ఉంది.

"ఊరికే కూర్చోవచ్చా?"

"ఊరికే నాన్నా."

"ఎవరైనా వచ్చి ఏం చేస్తున్నావని అడిగితే?"

"కూర్చున్నానని చెప్పు."

"అయితే ఏడో రోజు మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని పొద్దు గుంకేదాకా కూర్చుంటాను. మీ అమ్మ వంతు కూడా నేనే కూర్చుంటాను" అన్నాడు.

పల్తీయేలు సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి, ఆయన త్యాగం మరుగున పడకూడదు. ఐగుప్తు అధికారులు హెబ్రీయుల మీద హెబ్రీయులనే మేస్త్రీలుగా పెట్టేవారు. ఇటుకలు తక్కువ పడితే ముందు మేస్త్రి వీపు పగిలేది, తర్వాత మేస్త్రి చేతిలో మిగతా వీపులు పగిలేవి. సముద్రం దాటాక ఆ వీపు మానింది గాని, చేతికి పని లేక మనిషి చిక్కిపోయాడు. పొద్దున్నే లేచి, మన్నా ఏరుకుంటున్నవాళ్ళ మధ్య తిరుగుతూ "వంగండి, అదీ, అలాగే" అని ప్రోత్సహించేవాడు. వాళ్ళు వంగే ఉండేవారు. తను లేకపోయినా ప్రజలు కడుపునిండా తింటున్నారన్న దుఃఖాన్ని దిగమింగుకుని, ఆ ప్రజల కోసమే సభ ఏర్పాటు చేసిన మనిషి ఆయన.

సభలో ముందుగా పైగుడ్డ తీసి వీపు చూపించాడు.

"ఇవి మీ కోసం తిన్న దెబ్బలు!"

"మేం తిన్నవి కూడా చూపించాలా మేస్త్రీ? అందరం గుడ్డలు విప్పితే బాగుండదేమో" అంది సెరహు. సెరహుది హమూలు పక్క గుడారం. మొగుడు పోయాడు, నోరు మిగిలింది.

పల్తీయేలు ఆనందపడ్డాడు. "చూశారా! ఐగుప్తులో అయితే ఇలా మాట్లాడగలిగేదా అక్క? ఇదీ స్వేచ్ఛ అంటే. ఇక కూర్చో అక్కా" అని, జనం వైపు తిరిగాడు. "ఈ తిండి మీకెవరు ఇస్తున్నారు?"

"దేవుడు" అన్నారు జనం.

"ఎవరి ద్వారా?"

జనం ఆకాశం వైపు చూశారు.

"అదీ లోపం! మధ్యలో ఎవరూ లేరు. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరి దగ్గరికి వెళ్ళి మొత్తుకుంటారు?"

"ఇంతవరకూ ఏ తేడా రాలేదుగా" అన్నాడు వెనక నుంచి ఒకతను.

"రాలేదు గనకే నాకు భయంగా ఉంది" అన్నాడు పల్తీయేలు.

ఆ మాట అందరికీ తగిలింది. నిజానికి అందరిలోనూ ఆ భయం ఉంది. పుట్టి బుద్ధెరిగాక, ముందో తిట్టు, వెనకో దెబ్బ లేకుండా ఎవరూ వాళ్ళకు రొట్టె పెట్టలేదు. మొదటి రోజు హమూలు కూడా గిన్నె నింపుకున్నాక చాలాసేపు అక్కడే నిలబడ్డాడు, ఎవరైనా వచ్చి వెళ్ళమంటారేమోనని. ఎవరూ రాకపోతే ఎదురుగా ఉన్న బండరాయితో "వెళ్ళొచ్చా?" అని మరీ వెళ్ళాడు.

"ఈ సంగతి మోషేకు చెబుదామా?" అన్నాడు హమూలు.

"బాబాయ్, ఆయన గుడారం ముందు తగవులవాళ్ళ వరస పొద్దున మొదలైతే దీపాలవేళ దాకా తెగదు. ఆ మహానుభావుడి నెత్తిన ఇదొకటి పెడదామా? మనకు మనసెలా ఒప్పుతుంది?"

ఎవరికీ ఒప్పలేదు. 'మన్నా సేకరణ పర్యవేక్షణ సంఘం' అక్కడికక్కడే ఏర్పడింది. అధ్యక్షుడిగా పల్తీయేలు తన పేరు తనే ప్రతిపాదించాడు, వద్దు వద్దని తనే వారించాడు, చివరికి ప్రజల ఒత్తిడి తట్టుకోలేక ఒప్పుకున్నాడు. చప్పట్లు కొట్టడం తెలియని జనం అలవాటు ప్రకారం తలలు వంచారు.

మర్నాటి నుంచి మన్నా పద్ధతిగా అందడం మొదలైంది. జనాన్ని జట్లుగా విడగొట్టారు. జట్టుకో పెద్ద. కొమ్ము ఊదేదాకా ఎవరూ వంగకూడదు. ఊదాక అందరూ ఒకేసారి వంగాలి. ఏరిందంతా తెచ్చి మైదానం మధ్య ఒకే కుప్పగా పోయాలి. కుప్పను సంఘం పరిశీలించి, అది మన్నాయేనని నిర్ధారించాక, వరసలో నిలబడ్డవారికి తలకో గిన్నె పంచాలి. జట్టు పెద్దలు వంగితే ఎవరు వంగడం లేదో కనిపించదు కాబట్టి వాళ్ళను వంగడం నుంచి మినహాయించారు. వంగని నడుములకు నొప్పి ఎక్కువ కాబట్టి వాళ్ళ గిన్నెలు ముందు నింపారు.

ఇదంతా అయ్యేసరికి ఎండ ఎక్కింది. ఎండ ఎక్కితే మన్నా కరుగుతుంది.

"కరిగిపోతోంది మేస్త్రీ, త్వరగా పోయించు! బాలింత ఎదురుచూస్తూ ఉంటుంది" అన్నాడు హమూలు వరస మధ్య నుంచి.

"కంగారు పడకు బాబాయ్. ఎండ మన పరిధిలోది కాదు."

హమూలు వంతు వచ్చేసరికి కుప్పలో తడే మిగిలింది. ఆ తడిని గిన్నెకు ఎత్తి ఇచ్చారు. సంఘం అదే రోజు అత్యవసరంగా సమావేశమై, ఎండ వైఖరిని తీవ్రంగా ఖండిస్తూ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

ఆ సాయంత్రం మిల్కాకు సెరహు తన గిన్నెలోంచి సగం తెచ్చి పెట్టింది. "తిను తల్లీ. మొన్నటిదాకా దేవుడు పెట్టాడు, ఇవాళ మేస్త్రి పెడుతున్నాడు. ఆ మాత్రం తేడా ఉండదూ?" అంది.

కరువు వస్తే ఎలాగన్నది పల్తీయేలుకు పట్టిన తర్వాతి బెంగ. మర్నాడు మన్నా ఉండదేమోనన్న ముందుచూపుతో, రోజూ ప్రతి గిన్నెలోంచీ కొంత తీసి ఒక గుడారంలో నిల్వ చేయించాడు. మోషే మొదటే చెప్పాడు, మర్నాటికి దాచకండి, చెడిపోతుందని. అది మామూలు మనుషులు దాచుకోవడం గురించి అని సంఘం వివరణ ఇచ్చింది.

తెల్లవారి నిల్వ గుడారం తెరిస్తే జనం ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు.

పల్తీయేలు ఒక్కడే లోపలికి వెళ్ళి, గుండె నిబ్బరంతో బయటికి వచ్చాడు. "నిన్న పోసినప్పుడు కుప్ప నా మోకాలిదాకా ఉంది. ఇవాళ ఇంకా పైకి వచ్చింది. పెరిగిందన్నమాట. పైగా కదులుతోంది. అంత చురుగ్గా ఉంది మన నిల్వ!"

"అవి పురుగులు మేస్త్రీ" అన్నాడు హమూలు.

"పురుగులు ఎందుకు పట్టాయి? గుడ్డ గుడారం కాబట్టి. ఇటుకలతో గట్టి గాదె కట్టుకుంటే ఏ పురుగు వస్తుంది? ఐగుప్తు రాజు ఫరోకు మనం ఊళ్ళకు ఊళ్ళే గాదెలు కట్టి ఇచ్చాం. మనకోసం ఒక్కటి కట్టుకోలేమా? ఇంతకాలం పరాయివాడికి పోసిన ఇటుక ఇది, మొట్టమొదటిసారి మన ఇటుక మనం పోసుకుంటున్నాం సోదరులారా!"

కొందరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాళ్ళతోపాటు ఐగుప్తు వదిలి వచ్చిన హూయీ అనే ఐగుప్తు కుమ్మరి ఒకడున్నాడు. అతను హమూలు చెవి దగ్గరికి వంగి, "తాతా, మనం సముద్రం దాటింది ఇటువైపేనా? నాకు దారి తప్పినట్టుందే" అన్నాడు.

ఆరో రోజు మోషే చెప్పినట్టే మన్నా రెండింతలు పడింది. సంఘం ఏర్పడిన కొద్ది రోజులకే దిగుబడి రెట్టింపయిన సంగతి పల్తీయేలు సభలో వినయంగా ప్రస్తావించి, మర్నాడు ఏడో రోజున గాదె నిర్మాణానికి బంకమట్టి తొక్కే కార్యక్రమం ఉంటుందని ప్రకటించాడు.

హమూలు లేచి నిలబడ్డాడు. "ఏడో రోజు పని చేయించకూడదన్నారుగా?"

"ఎవరు చేయిస్తారు బాబాయ్? ఎవరూ చేయించరు. మీరే వచ్చి చేస్తారు. శ్రమదానం."

"రాకపోతే?"

"రాకపోవచ్చు. పూర్తిగా మీ ఇష్టం. ఎవరెవరికి ఇష్టం లేదో జట్టు పెద్దలు చూసి నాకు చెబుతారు."

"ఎడారిలో గడ్డి ఏదీ? గడ్డి లేకుండా ఇటుక నిలవదు" అంది సెరహు.

పల్తీయేలు పైగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. "అక్కా, ఫరో మనకు గడ్డి ఇవ్వలేదు. సంఘం కూడా ఇవ్వలేదు. కానీ ఫరో ఇవ్వనందుకు బాధపడలేదు. మేం పడుతున్నాం. ఆ తేడా గుర్తించాలి మీరు."

మర్నాడు తెల్లవారుతూనే హమూలు గుడారం ముందు చాప వేశాడు. మిల్కా పిల్లను తెచ్చి ఇవ్వబోతోంది. అతను చేతులు చాచాడు. అప్పుడే కొమ్ము మోగింది. హమూలు కాళ్ళు లేచాయి. ఆ తర్వాత హమూలు లేచాడు.

సాయంత్రం మోకాళ్ళదాకా మట్టితో తిరిగి వచ్చిన తండ్రిని చూసి మిల్కా కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పెట్టింది.

"నేను వెళ్ళలేదమ్మా. కాళ్ళు వెళ్ళాయి. నేను వెనకే వెళ్ళాను, అంతే" అన్నాడు హమూలు. పిల్లను ఎత్తుకోబోయి, మట్టి చేతులు చూసుకుని, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

ఆ వారమంతా హమూలు రెండు పనులు చేశాడు. పగలు సంఘానికి ఇటుకలు పోశాడు. మిగిలిన కాసింత పొద్దులో చాప మీద కూర్చుని, కొమ్ము మోగినప్పుడు లేవకుండా ఉండడం సాధన చేశాడు. కాళ్ళను రెండు చేతులతో పట్టుకునేవాడు. సెరహు తన గుడారంలోంచి నోటితో కొమ్ములా ఊది పెట్టేది. మొదట్లో లేచేవాడు. తర్వాత సగం లేచి ఆగేవాడు. ఆరో రోజుకు కనుబొమలు మాత్రమే లేచాయి.

"అయింది అన్నయ్యా. ఇక నువ్వు మనిషివి" అంది సెరహు.

ఏడో రోజు కొమ్ము మోగింది. హమూలు ఒళ్ళో పిల్ల ఉంది. అతను లేవలేదు. గుండె మాత్రం దడదడలాడింది. పిల్ల అతని బొటనవేలిని గుప్పిట్లో బిగించి పట్టుకుని నిద్రపోతోంది. ఇంత చిన్న గుప్పిట్లో ఇంత బలమా అనుకున్నాడు. ఇక ఈ వేలు విడిపించుకుని లేవడం తన వల్ల కాదని తేలిపోయాక గుండె నెమ్మదించింది. గుడారం నీడ పాదాల మీద చల్లగా పడుతోంది. ఎక్కడి నుంచో పూరేడు పిట్ట కూసింది. హమూలు తన ఎడమ పక్కన, మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు.

పల్తీయేలు స్వయంగా వచ్చాడు.

"బాబాయ్, ఏం చేస్తున్నావు?"

"కూర్చున్నాను."

"అది కనిపిస్తోంది. ఎందుకు?"

"ఊరికే."

పల్తీయేలు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఒంట్లో బాగాలేదా?"

"బాగుంది. ఇంత బాగా ఎప్పుడూ లేదు."

"పోనీ, జబ్బు చేసిందని చెబుతాను. నీకూ మర్యాద, నాకూ మర్యాద."

"వద్దు నాయనా. కూర్చున్నానని చెప్పు."

పక్క గుడారంలోంచి సెరహు చాప చంకన పెట్టుకుని వచ్చింది. "అన్నయ్యా, కాస్త అటు జరుగు. అటు కాదు, ఆ చోటు వదినది, ఇటు" అని కుడి పక్కన కూలబడింది. ఆమె వెనక హూయీ వచ్చాడు. తర్వాత ఎవరో భార్యాభర్తలు వచ్చారు. మట్టి తొక్కుతున్నవాళ్ళు ఒక్కొక్కరే తలెత్తి చూసి, కాళ్ళు కడుక్కోకుండానే వచ్చి కూర్చున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మట్టిగుంటలో పల్తీయేలు, ఆయన కొమ్ము మిగిలారు. ఆయన ఊదాడు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ ఊదాడు. సెరహు అందుకుని నోటితో జవాబు ఊదింది. జనం నవ్వారు. ఆ నవ్వు గుడారాల చివరిదాకా పాకింది.

మరో నాయకుడైతే అక్కడే కుప్పకూలిపోయేవాడు. పల్తీయేలు ఆ కూర్చున్న జనాన్ని చాలాసేపు తేరిపార చూశాడు. ఇంతమంది ఒక్కచోట, ఒక్కతీరుగా కూర్చోవడం ఆయన్ని కదిలించింది. ముఖం వికసించింది. పరుగున వచ్చి హమూలును కౌగలించుకున్నాడు. పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది.

"విజయం! విశ్రాంతి మన హక్కు! ఈ హక్కును సాధించిపెట్టిన హమూలు బాబాయ్‌కి సంఘం తరఫున అభినందనలు! వచ్చే ఏడో రోజు నుంచి శ్రమదానం రద్దు!"

జనం కేకలు వేశారు. హమూలు కళ్ళు తుడుచుకున్నాడు.

"అయితే" అన్నాడు పల్తీయేలు. "ఇవాళ్టి విశ్రాంతిని నేను గమనించాను. చాలా చిందరవందరగా ఉంది. ఒకడు పడుకున్నాడు, ఒకడు కూర్చున్నాడు, ఒకావిడ నవ్వుతోంది. ఎవరికి ఎంత విశ్రాంతి అందిందో తెలిసే దారి లేదు. ఇంత కష్టపడి సాధించుకున్న హక్కును ఇలా దుబారా చేసుకుంటామా? అందుకని విశ్రాంతి నిర్వహణ ఉపసంఘం వేస్తున్నాను. దానికి పర్యవేక్షకుడు ఇంకెవరు? హమూలు బాబాయే!"

"నాకొద్దు నాయనా. నాకు కూర్చోవాలనుంది, అంతే" అన్నాడు హమూలు.

పల్తీయేలు అతన్ని పక్కకు తీసుకెళ్ళాడు. "అందుకే నువ్వే కావాలి బాబాయ్. విశ్రాంతి విలువ తెలిసినవాడివి. నువ్వు కాదంటే ఎవరో ఒకరిని పెట్టాలిగా? జక్కూరును పెడతాను. వాడి చెయ్యి ఎలాంటిదో నీకు తెలుసు."

హమూలుకు తెలుసు. జక్కూరు మట్టిగుంట దగ్గర జట్టు పెద్ద. బాలింతని కూడా చూడడు.

"ఒక్కసారి చెయ్యి. జనానికి అలవాటు కాగానే నువ్వూ కూర్చుందువుగాని" అన్నాడు పల్తీయేలు.

హమూలు మిల్కా వంక, పిల్ల వంక చూశాడు. జక్కూరు చేతిలో కంటే తన చేతిలో ఉంటే నయం కదా అనుకున్నాడు. "ఒక్కసారే" అన్నాడు.

విశ్రాంతి నిబంధనలు ఆ వారంలోనే తయారయ్యాయి. గుడారాల్లో ఉంటే ఎవరు విశ్రాంతి తీసుకుంటున్నారో, ఎవరు చాటుగా పని చేసుకుంటున్నారో తెలియదు కాబట్టి విశ్రాంతి మైదానంలో, బహిరంగంగా ఉండాలి. కొమ్ము మోగగానే చాపలతో వచ్చి వరసలుగా పడుకోవాలి. తలలు తూర్పుకు. లేవడం శ్రమ, కాబట్టి నిషేధం. మాట్లాడడం కూడా శ్రమే. పిల్లలు ఏడిస్తే సంఘానికి అభ్యంతరం లేదు, ఊరుకోబెట్టడం మాత్రం పని కిందికి వస్తుంది. అధ్యక్షుడు ప్రజల విశ్రాంతి గురించి ఆలోచించాలి కాబట్టి తన గుడారంలో ఉంటాడు.

ఏడో రోజు మైదానమంతా మనుషులు పరుచుకున్నారు. హమూలు చేతికి ఒక బెత్తం ఇచ్చారు, నడవడానికి ఆసరాగా. వరసల మధ్య అటూ ఇటూ తిరిగాడు. ఎండ పెరిగింది. గుడారాల్లో నీడ ఉంది గాని, అక్కడికి వెళ్ళాలంటే లేవాలి.

"అన్నయ్యా, వీపు దురద పెడుతోంది. గోక్కోవచ్చా?" అంది సెరహు కదలకుండా.

హమూలు చుట్టూ చూశాడు. "కాస్త ఓర్చుకో చెల్లెమ్మా. అడిగి చెబుతాను."

"ఎవర్ని అడుగుతావు?"

హమూలు ముందుకు నడిచాడు. మొదట్లో అతను బెత్తం నేల మీద ఆనించి నడిచాడు. కొంతసేపటికి ఎవరి చాపైనా వరస తప్పితే దానితో మెల్లగా సర్దాడు. ఇంకొంతసేపటికి ఎవరి కాలైనా వరస తప్పితే దానితో సర్దాడు. నిజానికి చాలా చక్కగా ఉంది వరస. ఆ చివర నుంచి ఈ చివరకు గీత గీసినట్టుంది. ఇలా కుదరాలంటే ఒక కన్ను ఉండాలి అనిపించింది.

మిల్కా దగ్గర పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది.

"నాన్నా, ఎత్తుకోనా?"

"ఇంకాసేపేనమ్మా. ఇవాళ ఒక్కరోజు బాగా జరిగిపోతే, వచ్చేసారి ఇబ్బంది ఉండదు."

"నీకు ఇక్కడే చాప వేశాను. ఓసారి వచ్చి కూర్చో, దానికి నీ వేలు ఇస్తే ఊరుకుంటుంది."

హమూలు వేలు బెత్తం చుట్టూ ఉంది. "వస్తాను" అన్నాడు, అవతలి వరసలో ఎవరో మోచేతి మీద లేస్తుంటే అటు నడిచాడు.

మధ్యాహ్నం దాటాక కొండల వైపు నుంచి ఒక మిద్యాను దేశపు వర్తకుడు గాడిద మీద వచ్చాడు. మైదానం అంచున గాడిదను ఆపి, నోరు తెరుచుకుని చూశాడు.

"పెద్దాయనా, వీళ్ళు ఎవరి బానిసలు?"

హమూలు ఛాతీ విరిచాడు. "బానిసలేమిటి? మేం ఫరో దగ్గర నుంచి విడుదలై వచ్చినవాళ్ళం. సముద్రం దాటి వచ్చాం. మాకు యజమాని ఎవరూ లేరు."

"యజమాని లేడా?" వర్తకుడు గాడిద దిగాడు. వరసలను ఈ కొస నుంచి ఆ కొసకు మరోసారి, ఈసారి గౌరవంగా చూశాడు. "నేను ఎన్నో బానిసల సంతలు తిరిగాను. యజమాని పక్కన నిలబడి ఉన్నా ఇంత కుదురుగా ఉండేవాళ్ళను చూడలేదు. లేకుండానే ఇలా ఉన్నారంటే..."

ఆ గొంతు విని కొందరు తలలెత్తారు.

"తలలు దించండి" అన్నాడు హమూలు.

మైదానమంతా ఒక్కసారిగా తలలు దిగాయి. వర్తకుడు నాలుక చప్పరించాడు. ఏడుస్తున్న పిల్ల పక్కన ఖాళీగా ఉన్న చాప మీద అతని చూపు పడింది.

"అది ఎవరిది?"

"నాది."

"మరి పడుకోవేం?"

హమూలు బెత్తం చేయి మార్చుకున్నాడు.

"నేను పడుకుంటే వీళ్ళు లేస్తారు" అన్నాడు.